రేకుల గదిలో రౌటరు

కరీంనగర్ బస్టాండులో కార్గో కౌంటరు ముందు లైన్లో ఉన్నావు. నీ ముందాయన ట్రాక్టరు స్పేరు పార్టు కోసం వచ్చాడు, వెనకామె చేతిలో మందుల షాపు చీటీ. 2020 జూన్‌లో ఆర్టీసీ ఈ పార్సిళ్ల పని మొదలుపెట్టినప్పటి నుంచి సికింద్రాబాద్ జేబీఎస్‌లో ఎక్కించిన డబ్బా ఇక్కడ దిగడం మామూలైపోయింది. ఫోన్లో వచ్చిన నంబరు చెప్తావు. కౌంటరు మనిషి లోపలికెళ్లి, గోనెసంచిలో వేసి కుట్టిన మూటను రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద దించుతాడు.

"ఏముంది తమ్మీ ఇండ్ల? ఇనుమా?"

"రౌటరన్నా."

"మా ఇంట్ల రౌటరు అరచేతంత ఉంటది గదా."

అతను అన్నదీ నిజమే. వాళ్లింట్లో గోడకు వేలాడే తెల్లడబ్బా కూడా రౌటరే. నీ సంచిలో ఉన్నది సిస్కో 1841. కంపెనీ దాని అమ్మకాన్ని 2011లోనే ఆపేసింది. దానితోపాటు రెండు క్యాటలిస్ట్ 2960 స్విచ్చులున్నాయి. ఒకటి 24 పోర్టులది, ఇంకోటి 8 పోర్టుల చిన్నది. ఎక్కడో ఓ ఆఫీసు కొత్త సామాను పెట్టుకుని పాతదాన్ని వదిలించుకుంటే, అది చేతులు మారి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు చేరింది. సీటీసీ అంటే హైదరాబాద్‌లో కంప్యూటర్ సామాను ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. పోయిన వారం అక్కడి ఇరుకు వరండాలో నిలబడి నువ్వే బేరమాడి వచ్చావు.

"తమ్మీ, సెట్టు తీస్కో. మూడు రౌటర్లు, మూడు స్విచ్చులు. సీసీఎన్ఏ పిల్లలందరు గదే తీస్కపోతరు" అన్నాడు షాపాయన. నువ్వు తల అడ్డంగా ఊపావు. మంచి పని చేశావు. పదిహేనేళ్ల కిందట ఆ సెట్టు అవసరమే. ఇవాళ మూడు రౌటర్లేం ఖర్మ, ముప్పై రౌటర్లు లాప్‌టాప్‌లోనే, ప్యాకెట్ ట్రేసర్ అనే సిస్కో సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరుకుతాయి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే చాలు. తెర మీద దొరకనిదొకటే: చేత్తో ముట్టుకుంటేగానీ అర్థంకాని తిప్పలు. తీగ వదులవడం, పాస్‌వర్డు తెలియని పెట్టె, ఫ్యాను మోత, కరెంటు పోవడం. వాటికి ఒక రౌటరు, రెండు స్విచ్చులు చాలు. అంతకుమించి కొన్నది అలమరా అలంకారానికే.

షాపులో ఇంకో మంచి పని కూడా చేశావు. మూడు పెట్టెలనూ అక్కడే కరెంటుకు పెట్టించి, పూర్తిగా లేచేదాకా కదలలేదు. ఒక్కో పోర్టులో తీగ గుచ్చి లైటు వెలుగుతుందో లేదో చూశావు. షాపాయన విసుక్కున్నా చూపించాడు. పాత సామానులో దొంగ సరుకు బెడద ఎప్పుడూ ఉంటుంది. 2020 జులైలో ఎఫ్-సెక్యూర్ అనే భద్రతా సంస్థ, సాఫ్ట్‌వేర్ మార్చగానే పనిచేయడం మానేసిన నకిలీ 2960-ఎక్స్ స్విచ్చులను విప్పి చూసి పెద్ద నివేదికే రాసింది.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. సీసీఎన్ఏ సర్టిఫికెట్ కోసం రాసే 200-301 పరీక్ష ఫీజు 300 డాలర్లు. మన పన్ను కలిపితే ముప్పై వేల చుట్టూ తిరుగుతుంది. ఈ మూడు పెట్టెలు, కన్సోల్ తీగ, ఆర్‌జే-45 కనెక్టర్ల పొట్లం అన్నీ కలిపినా అందులో మూడో వంతు కాలేదు. పరీక్ష ఒకసారి పోతే ఆ ముప్పై వేలూ పోయినట్టే. పెట్టెలు మాత్రం తర్వాతివాడికి అమ్ముకోవచ్చు.

ఆటోలో తెలంగాణ చౌక్ దాటి వావిలాలపల్లి వైపు వెళ్తుంటే మూట నీ ఒళ్లోనే ఉంది. మే నెల. దారి పొడుగునా కోచింగు బోర్డులు. ఇంటి మేడ మీద రేకుల గది నీది. మధ్యాహ్నం అందులో కాలు పెట్టలేం. ఈ రౌటరు 40 డిగ్రీల వరకు, స్విచ్చు 45 వరకు తట్టుకుంటుందని కంపెనీ కాగితాల్లో ఉంటుంది. కరీంనగర్‌లో మే మధ్యాహ్నం బయటే 40 దాటుతుంది. ఇక రేకుల కింద ఎంతుంటుందో వేరే చెప్పాలా! అందుకే చీకటి పడి, గది గోడలు కాస్త చల్లారేదాకా మూట విప్పవు.

రాత్రి తొమ్మిది దాటాక 1841 వెనక మీట నొక్కుతావు. ఫ్యాను ఒక్కసారిగా గుయ్యిమంటుంది. 24 పోర్టుల స్విచ్చు కూడా గొంతు కలుపుతుంది. చిన్న స్విచ్చుకు ఫ్యానే లేదు, అది మూగగా లేస్తుంది. రెండు నిమిషాల్లో మెట్ల మీద అడుగులు.

"గిదేందిరా, బాయికాడ మోటరు లెక్క లొల్లి జేస్తంది?"

"లాబమ్మా. పరీక్షకు."

"కరెంటెంత గుంజుతది?"

ఇది ఊరికే వచ్చిన ప్రశ్న కాదు. 2024లో గృహజ్యోతి వచ్చినప్పటి నుంచి ఇంట్లో అందరి కన్నూ మీటరు మీదే. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటిందా, ఆ నెల మొత్తం కట్టుకోవాల్సిందే. మే నెలలో కూలరు తిరుగుతుంటే మీటరు ఎటూ ఆ హద్దు దగ్గరే ఉంటుంది. నువ్వు కాగితం తీస్తావు. మూడు పెట్టెలూ కలిపి వంద వాట్లు అనుకుందాం. పది గంటలు నడిస్తే ఒక యూనిట్. రోజుకు మూడు గంటలంటే నెలకు తొమ్మిది యూనిట్లు. మరచిపోయి రాత్రింబగళ్లు వదిలేస్తే డెబ్బై రెండు.

"తొమ్మిదైతే సరే. డెబ్బై రెండైతే మాత్రం నీ డబ్బాలు కిందికి ఇసిరేస్త" అని అమ్మ దిగిపోతుంది. నువ్వు మూడు తీగలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడతావు. ఒక్క స్విచ్చు ఆపితే అన్నీ ఆగేట్టు.

ఇక అసలు పని. లేత నీలం రంగు చదును తీగ ఒక కొన రౌటరు కన్సోల్ పోర్టులోకి, రెండో కొన యూఎస్‌బీ సీరియల్ తీగ ద్వారా లాప్‌టాప్‌లోకి. పుటీ అనే ప్రోగ్రాం తెరుస్తావు, వేగం 9600. ఎంటర్ కొడతావు. నల్లటి తెర మీద ఒక పేరు తేలుతుంది. నువ్వు పెట్టింది కాదు, ఎవరిదో బ్రాంచి ఆఫీసుది. కింద పాస్‌వర్డు అడుగుతోంది.

నీకు తెలియదు. షాపాయనకూ తెలియదు. కాబట్టి దొడ్డిదారి. కరెంటు ఆపి మళ్లీ వేసి, మొదటి నిమిషం లోపల బ్రేక్ సిగ్నల్ పంపిస్తే రౌటరు తన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం మానేసి రోమాన్ అనే చిన్న ప్రాంప్టు దగ్గర ఆగుతుంది. కంట్రోల్, బ్రేక్ నొక్కుతావు. రౌటరు పట్టించుకోదు. హ్యాష్ గుర్తులు వరసకట్టి, మళ్లీ అదే బ్రాంచి పేరు, అదే పాస్‌వర్డు ప్రశ్న. మళ్లీ చేస్తావు. మళ్లీ అంతే. నీ లాప్‌టాప్‌కు బ్రేక్ మీట లేదేమోనని పుటీ మెనూలోంచి పంపి చూస్తావు. ఊహూ.

తప్పు రౌటరుది కాదు. చవక సీరియల్ తీగల్లో కొన్ని బ్రేక్‌ను మోయవు. బ్రేక్ అంటే అక్షరం కాదు, తీగ మీద వోల్టేజీని కాసేపు ఒకే స్థితిలో పట్టి ఉంచడం. దానికి పాతకాలం పనివాళ్ల ఉపాయం ఒకటుంది. పుటీ వేగాన్ని 1200కు దించు. రౌటరుకు కరెంటు వేసి, స్పేస్ మీటను పది పదిహేను సెకన్లు వదలకుండా నొక్కు. 1200 వేగంలో వెళ్లే ఒక్క స్పేస్, 9600 వేగంలో వింటున్న రౌటరుకు సాగదీసిన మౌనంలా అందుతుంది. అదే బ్రేక్ అనుకుంటుంది. ఇప్పుడు వేగం మళ్లీ 9600కు మార్చి ఎంటర్ కొట్టు.

రోమాన్ 1.

కుర్చీలోంచి లేచి గదిలో ఓ చుట్టు తిరిగి వస్తావు. ఏ ప్యాకెట్ ట్రేసరూ నీకు ఇది నేర్పదు. అందులో తీగలన్నీ మంచివే.

కాన్‌ఫ్‌రెగ్ 0ఎక్స్2142 అని కొట్టి రీసెట్ చేస్తావు. ఆ అంకె అర్థం: లేచేటప్పుడు దాచిన కాన్ఫిగరేషన్ వైపు చూడొద్దు. రౌటరు ఈసారి ఏ పేరూ లేకుండా లేస్తుంది. ఎనేబుల్ కొడితే తలుపు తీసినట్టే. కానీ దాచిన ఫైలు మాత్రం లోపల చెక్కుచెదరలేదు. చూడకుండా ఉండలేవు. షో స్టార్టప్. ఆ బ్రాంచి ఐపీ అడ్రసులు, హెడ్డాఫీసుకు పోయే లైను, క్యాష్ కౌంటరు పోర్టు ఏదో, ఎవరిని ఎటు రానివ్వాలో చెప్పే జాబితా, టైప్ 7లో దాచిన పాస్‌వర్డులు. టైప్ 7 దాచినట్టు కనిపిస్తుందంతే, విప్పడానికి క్షణం పట్టదు. లక్షలు పోసి ఫైర్‌వాల్ కొనే ఆఫీసులు పాత రౌటరు అమ్మేటప్పుడు రైట్ ఇరేజ్ అనే రెండు మాటలు కొట్టరు. ఆ రెండు మాటలు నువ్వు కొడతావు. తర్వాత ఇందాకటి అంకెను 0ఎక్స్2102కు తిప్పి పెడతావు. ఇది మరిచిపోయినవాళ్లు మర్నాడు తమ కాన్ఫిగరేషన్ ఎటుపోయిందని జుట్టు పీక్కుంటారు.

స్విచ్చుల సంగతి తేలిక. మోడ్ మీట నొక్కిపట్టి తీగ గుచ్చు, ఫ్లాష్‌లోని ఫైలు పేరు మార్చు, బూట్ చెయ్యి. వీలాన్.డ్యాట్ అనే ఫైలు వేరే ఉంటుంది, దాన్నీ తీసెయ్యాలి. స్విచ్చును విడివిడి నెట్‌వర్కులుగా పంచే పాత వీలాన్ల జ్ఞాపకం అందులోనే దాగుంటుంది.

మర్నాడు సాయంత్రం టవర్ సర్కిల్ వైపు వెళ్లి క్యాట్5ఇ తీగ మీటర్ల లెక్కన తెస్తావు, క్రింపింగ్ టూలు కూడా. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది పోగులను వేళ్ల మధ్య చదును చేసి, కొనలు సమానంగా కత్తిరించి, కనెక్టర్లోకి తోసి నొక్కుతావు. మొదటిదాంట్లో ఒక పోగు పూర్తిగా ముందుకు వెళ్లదు. రెండోదాంట్లో నీలం, ఆకుపచ్చ తారుమారవుతాయి. మూడోది లైటు వెలిగిస్తుంది.

లైటు ముందు నారింజ రంగులో వెలుగుతుంది. పాడైందేమో అని తీగ పీకబోతావు. ఆగు. ముప్పై సెకన్లు. స్విచ్చు ఆ పోర్టును వెంటనే నమ్మదు. పదిహేను సెకన్లు వింటుంది, ఇంకో పదిహేను సెకన్లు అవతల ఎవరెవరున్నారో నేర్చుకుంటుంది. ఎక్కడా వలయం ఏర్పడి సందేశాలు గిరగిరా తిరగవని తేలాకే దారి వదులుతుంది. స్పానింగ్ ట్రీ అని పుస్తకంలో ఎన్ని పేజీలు చదివావో! ఇదిగో, నారింజ పచ్చబడింది.

వీలాన్ 10, వీలాన్ 20, వీలాన్ 30. పెద్ద స్విచ్చుకూ చిన్న స్విచ్చుకూ మధ్య వాటన్నిటినీ మోసే ట్రంకు. పెద్ద స్విచ్చు నుంచి రౌటరుకు ఒకే తీగ, ఆ ఒక్క తీగ మీద మూడు సబ్ ఇంటర్‌ఫేసులు. 192.168.10.1, 192.168.20.1, 192.168.30.1. పదో వీలాన్‌లో ఉన్న చిన్న స్విచ్చు నుంచి ఇరవయ్యో వీలాన్‌లోని లాప్‌టాప్‌కు పింగ్ కొడతావు. తెర మీద ఒక చుక్క, తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు. అయిదింట నాలుగు. ఆ మొదటి చుక్క చూసి కంగారుపడకు. అవతలి మనిషి మ్యాక్ అడ్రసు ఏమిటని ఏఆర్‌పీ వాకబు చేస్తుండగానే మొదటి ప్యాకెట్ గడువు ముగిసిపోయింది. రెండోసారి కొట్టు. అయిదుకు అయిదు.

సరిగ్గా అప్పుడు గాలిదుమారం. రేకులు దడదడమంటాయి. కరెంటు పోతుంది. అరగంట తర్వాత వస్తుంది. మూడు పెట్టెలూ లేస్తాయి, దాదాపు ఏమీ తెలియని పసివాళ్లై. వీలాన్ల జాబితా తప్ప నువ్వు ఇందాకటి నుంచి కొట్టిందంతా రన్నింగ్ కాన్ఫిగరేషన్, అది ఉండేది ర్యామ్‌లో. రైట్ అని కొట్టి ఉంటే ఎన్వీర్యామ్‌లోకి దిగేది. కొట్టలేదు. మళ్లీ మొదటి నుంచి చేస్తావు, ఈసారి సగం కంటే తక్కువ టైములో.

వర్షాకాలమంతా ఈ పెట్టెలతో గడిచిందనుకుంటే పొరపాటు. సిలబస్‌లో పావు వంతు ఐపీ కనెక్టివిటీ. ఓఎస్‌పీఎఫ్‌కు నాలుగైదు రౌటర్లు కావాలంటే ప్యాకెట్ ట్రేసర్‌లోనే లాగుతావు. వైర్‌లెస్ కంట్రోలరు అందులోనే. ఆటోమేషన్ పాఠాలకు ఈ ముసలి 1841 ఎందుకూ పనికిరాదు. ప్యాకెట్ ట్రేసర్‌లో లేని ఆజ్ఞలు తగిలితే సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత రకం ఉంది, అయిదు పరికరాల దాకా. ఎవరో పంపిన దొంగ ఐఓఎస్ ఫైళ్ల జోలికి పోనవసరం లేదు. అమీర్‌పేట సందుల్లో చేతులు మారే ప్రశ్నపత్రాల కట్టల జోలికి అసలే వద్దు. వాటితో గట్టెక్కినవాడు ఇంటర్వ్యూలో ట్రంకంటే ఏంటంటే నీళ్లు నములుతాడు.

డిసెంబరు. జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ చేరేసరికి చలి మఫ్లర్ లోపలికి దూరుతోంది. పత్తి బండ్లు మార్కెట్ యార్డు వైపు వరసకట్టి ఉన్నాయి. నీతో పాలిటెక్నిక్ చదివినవాడు ఇక్కడ కేబుల్ ఆపరేటరు దగ్గర ఫైబరు లాగుతాడు. నువ్వు పుస్తకంలో చదివింది వాడు స్తంభమెక్కి చూశాడు. వెంట్రుకంత గాజు పోగులను స్ప్లైసింగ్ మిషన్‌లో అతికించడం వాడికి రోజూ పనే. కానీ వీలాన్ అంటే ఆఫీసులో సారు ఇచ్చిన నంబరు, అంతే. వాడి దగ్గర పెట్టెల్లేవు. ఎనిమిది జీబీ లాప్‌టాప్ ఉంది. నీ లాప్‌టాప్ కరీంనగర్‌లో ల్యాబుకు కట్టేసి వచ్చావు.

ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్లాలి? మీ ఇంటి ఫైబరుకు బయటి నుంచి నేరుగా చేరే అడ్రసు లేదు. రౌటరు పేజీ తెరిచి చూస్తే 100.64తో మొదలయ్యే నంబరు. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాలవాళ్లు ఆపరేటర్ల కోసం ప్రత్యేకంగా పక్కన పెట్టిన వరస అది. వందల ఇళ్లు ఒకే బయటి అడ్రసు వెనక. "మా దగ్గర గూడ గంతేరా, కస్టమర్లు సీసీ కెమెరా ఫోన్ల కనవడ్తలేదని రోజు ఫోన్ చేస్తరు" అంటాడు వాడు. అందుకని నీ లాప్‌టాప్‌లో, వాడి లాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ వేశావు. రెండూ లోపలి నుంచే బయటికి చెయ్యి చాపి, మధ్యలో కలుసుకుంటాయి.

ల్యాబుకు కరెంటు వెయ్యాలి. ఫోన్ చేస్తావు.

"అమ్మా, మీది రూములకు పోయి ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్చెయ్యి."

"ఏసిన. లొల్లి మొదలైంది."

రెండు మూడు నిమిషాలాగి అడుగుతావు: "లైట్లెట్లున్నయ్?"

"పసుపు పచ్చగ... ఆ, ఇప్పుడు ఆకుపచ్చగైనయ్."

స్పానింగ్ ట్రీ గురించి ఒక్క ముక్క తెలియకుండా అమ్మ ముప్పై సెకన్లు లెక్కపెట్టేసింది.

ఆట మొదలు. ఒకడు చెడగొట్టాలి, ఒకడు కనిపెట్టాలి. ముందు నువ్వు చెడగొడతావు: పెద్ద స్విచ్చులో ఒక పోర్టును తప్పుడు వీలాన్‌లో పడేస్తావు. వాడు షో వీలాన్ బ్రీఫ్ కొట్టి టీ చల్లారేలోపే పట్టేస్తాడు. తర్వాత సబ్ ఇంటర్‌ఫేసు మాస్కు మారుస్తావు. దానికి కాస్త ఎక్కువసేపు కూర్చుంటాడు, అయినా పట్టేస్తాడు. ఫైబరు పనివాడి ఓపిక వేరు. ఇప్పుడు వాడి వంతు. చిన్న స్విచ్చులోకి వెళ్లి, ముందుగా వీలాన్ 40 తయారుచేస్తాడు. దాన్ని ట్రంకు మీదికి ఎక్కించాలి. స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 40. ఎంటర్.

కర్సర్ ఆగిపోతుంది. మీటలు నొక్కినా అక్షరాలు పడవు.

"అరేయ్, నెట్ పోయిందా?"

నెట్ పోలేదు. లాప్‌టాప్ దొరుకుతోంది, పెద్ద స్విచ్చులోకి వెళ్లగలుగుతున్నారు. అక్కడ షో సీడీపీ నైబర్స్ కొడితే చిన్న స్విచ్చు పక్కనే, బతికే ఉంది. తీగ బాగుంది, కరెంటు ఉంది. పింగ్ మాత్రం అయిదుకు అయిదు చుక్కలే. వాడు కొట్టిన లైను ఇద్దరూ మళ్లీ చదువుతారు. యాడ్ అనే మాట లేదు. అలౌడ్ వీలాన్ యాడ్ 40 అంటే ఉన్నవాటికి 40ని కలుపుతుంది. యాడ్ లేకపోతే ఉన్నవన్నీ తీసేసి 40 ఒక్కటే ఉంచుతుంది. వాడు ఆ స్విచ్చులోకి వచ్చిందే పదో వీలాన్ మీద. కూర్చున్న కొమ్మే నరుక్కున్నాడు. ఇదే పొరపాటు నిజం ఆఫీసుల్లో, నిజం రాత్రుల్లో జరుగుతూనే ఉంటుంది, అప్పుడు మాత్రం కొన్ని వందల మంది ఫోన్లు మోగుతాయి.

కన్సోల్ తీగ రౌటరుకు ఉంది, చిన్న స్విచ్చుకు లేదు. కానీ వాడు రైట్ కొట్టలేదు. మే నెల గాలిదుమారం నాటి లెక్క ఇప్పుడు మీ పక్షాన ఉంది. తెగ్గొట్టిన లైను ఇంకా ర్యామ్‌లోనే ఉంది.

"అమ్మా, ఆ మూడిట్ల చిన్నది, లొల్లి జెయ్యనిది ఉంది జూడు. దాని వైరు పీకి మల్ల పెట్టు."

"దానికి స్విచ్చు లేదారా?"

"లేదమ్మా, ఆ కంపెనోడు పెట్టలే. వైరే పీకాలె."

కాసేపు ఫోన్లో ఏవో జరిపిన చప్పుళ్లు. "పెట్టిన."

స్విచ్చు తన పరీక్షలు తాను చేసుకుని లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ కాస్త సమయంలో వాడు తన పెద్ద సారు చెప్పిన కథ ఒకటి చెప్తాడు, ఎవరో ఒకాయన అర్ధరాత్రి ఇలాంటి పనే చేసి బైకు మీద నిర్మల్ దాకా వెళ్లి వచ్చాడని. పింగ్ కొడుతూనే ఉంటావు. చుక్క, చుక్క, చుక్క, ఆశ్చర్యార్థకం.

వాడు మళ్లీ లోపలికి వెళ్తాడు. ఈసారి ట్రంకు దగ్గరికి పోకముందే ఇంకో ఆజ్ఞ కొట్టమంటావు: రీలోడ్ ఇన్ 10. పది నిమిషాల్లో తనంతట తానే పడుకుని లేవమని స్విచ్చుకు చెప్పి పెట్టడం. పని సవ్యంగా జరిగితే రీలోడ్ క్యాన్సిల్ కొట్టుకోవచ్చు. చెడితే ఏ అమ్మనూ మెట్లెక్కించనక్కర్లేదు, అదే పాత రూపానికి వస్తుంది. మొత్తం కాన్ఫిగరేషన్ సేవ్ చేయమంటావా అని స్విచ్చు అడిగితే వాడి వేలు ఎస్ మీదికి వెళ్లబోయి ఆగుతుంది. నో కొడతాడు. ఆ తర్వాత ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైపు చేస్తాడు. స్విచ్‌పోర్ట్, ట్రంక్, అలౌడ్, వీలాన్, యాడ్, 40.